మొగ్గ తొడిగేలోగా నల్ల పాకం

వెర్మాంట్ వెళ్ళొచ్చానంటే మా ఆఫీసులో అందరూ "స్కీయింగా?" అని అడిగారు. కాదు, అరిసెల పనిమీద అన్నాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. మీరూ అడగలేదనుకోండి, అయినా అటువైపు వెళ్ళనివాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

ఎడిసన్: తప్పు నాదే

నేను కెమికల్ ఇంజినీర్‌ని. ఫ్యాక్టరీలో ఏ తొట్టిని ఎంత వేడి చేస్తే ఖర్చు తగ్గుతుందో, ఎక్కడ ఆపితే లాభం మిగులుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. దీన్ని ఆప్టిమైజేషన్ అంటారు. మా అమ్మ ముప్ఫై ఏళ్ళుగా గ్యాస్ బండ మీద ఇదే చేస్తోంది కానీ ఆవిడకి హెచ్‌వన్‌బీ ఎవరూ ఇవ్వలేదు.

జనవరిలో మా ఆఫీసు బ్రెండా ఒక సాయం అడిగింది. వాళ్ళ మేనమామ వాల్ట్ వెర్మాంట్‌లో మేపుల్ సిరప్ కాస్తాడు. చలికాలం చివర మేపుల్ చెట్టుకి చిన్న రంధ్రం చేసి గొట్టం పెడితే నీళ్ళలాంటి రసం కారుతుంది. నలభై గ్యాలన్ల రసం మరిగిస్తే ఒక గ్యాలన్ సిరప్. సీజన్ మొదట్లో వచ్చేది తేనె రంగులో ఉంటుంది, మంచి ధర పలుకుతుంది. చివర్లో వచ్చేది కాఫీ డికాక్షన్ రంగు. అప్పటికి రసం కూడా పలచబడి, ఒక గ్యాలన్‌కి అరవై గ్యాలన్లు మరిగించాలి. ఇంతా చేస్తే దాన్ని డీలర్ డ్రమ్ముల్లో నాలుగో వంతు ధరకి పట్టుకుపోతాడు. "మామయ్య మిగుల్చుకుంటున్నాడో లేదో కాస్త చూడవా?" అంది బ్రెండా.

చూశాను. కట్టెలు, గంటలు, ధరలు అన్నీ వేసి, పెద్ద పెద్ద రిఫైనరీలకి వాడే పద్ధతిలో ఒక ఆదివారం ఖర్చుపెట్టి తేల్చిన జవాబు: రంగు ముదిరిన రోజే పొయ్యి ఆర్పేసి ఇంటికి పొమ్మని. వాల్ట్ కృతజ్ఞతగా ఒక సీసా పంపాడు. దాని మీద చీటీ: "నువ్వు వద్దన్న సరుకు. పోయినేడాదిది. పారబోయబుద్ధి కాలేదు."

ఆ సీసా రాజ్యలక్ష్మి ఆంటీ కంటబడింది. నేను అద్దెకుండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఆవిడ బేస్‌మెంట్‌లో, ఫ్రిజ్ మాత్రం ఉమ్మడి. ఆంటీది తణుకు దగ్గర. ఇక్కడ లైసెన్స్ ఉన్న వంటగది ఒకటి అద్దెకి తీసుకుని అరిసెలు చేసి, ఓక్ ట్రీ రోడ్‌లో ఒక స్వీట్ షాపుకి ఇస్తుంది. అరిసెలకి ఇక్కడ ఒక సీజనంటూ లేదు. సీమంతాలు, సారెలు, పిల్లాడు మొదటి అడుగు వేస్తే పంచేవి. ఎడిసన్‌లో ప్రతివారం ఎవడో ఒకడు నడక నేర్చుకుంటూనే ఉంటాడు.

చిక్కల్లా ఏమిటంటే, వారం తిరిగేసరికి ఆంటీ అరిసెలు గట్టిపడుతున్నాయి. రెండు లాట్లు వెనక్కి వచ్చాయి. షాపు నాగేశ్వరరావు గారు మర్యాదగానే చెప్పారట: "ఇంకోసారి వస్తే ఆ అర వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా, ఏమీ అనుకోకండి." ఆంటీ ఏమీ అనుకోలేదు, అంటే నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అలాంటి సమయంలో ఆ నల్ల సిరప్ కనబడితే, సగం బెల్లం తగ్గించి ఆ మేరకి అది పోసి పాకం పట్టింది. ఇరవై రోజులైనా అరిసె మెత్తగానే ఉంది.

కారణం నాకు తెలుసు. తెలిసి ఏం లాభం. సీజన్ చివరి రసంలో చక్కెర కొంత విడిపోయి ఉంటుంది, విడిపోయిన చక్కెర తొందరగా గడ్డకట్టదు. డీలర్‌కి అదే లోపం, అరిసెకి అదే ప్రాణం. నా లెక్కలో ఆ సరుకు కొనేది డీలర్ ఒక్కడే. రెండో కొనుగోలుదారు నా నెత్తిమీద, పై అంతస్తులో కాపురముంది.

"ఇరవై గ్యాలన్లు కావాలి నాన్నా. ఏడాది గడిచిపోతుంది" అంది ఆంటీ.

మార్చి ఆఖర్లో వాల్ట్‌కి ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పినట్టే ఆపేస్తున్నాను. సగం చెట్లకి గొట్టాలు పీకేశాను కూడా. మిగతావి రేపు" అన్నాడు సంతోషంగా.

ఈ భూమ్మీద నా సలహా విన్న మనిషి ఆయనొక్కడే. వస్తున్నామని చెప్పి, ఆయన్ని ఆపడానికి శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం.

దారి: పులిహోర, తర్వాత బురద

కార్లో వెనక సీటు నిండా సామాను. ఐస్ పెట్టెలో తడి బియ్యప్పిండి, నెయ్యి డబ్బా, నువ్వులు, అరిసెల చెక్కలు, ఆవకాయ సీసా. "సిరప్ కొనడానికి వెళ్తున్నాం కదా ఆంటీ, ఇవన్నీ ఎందుకు?" అంటే, "చీర కొనేటప్పుడు కుచ్చిళ్ళు పెట్టి చూసుకోమా?" అంది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రెస్ట్ ఏరియాలో ఆగాం. కాఫీ నాలుగున్నర డాలర్లు. ఆంటీ కప్పులోకి తొంగిచూసి "ఇందులో పాలు కూడా వాళ్ళవేనా?" అని అడిగి, ఫ్లాస్కులోంచి సొంత కాఫీ పోసుకుంది. పులిహోర పొట్లం విప్పాక పక్క బల్లమీది ట్రక్కు డ్రైవర్ మూడుసార్లు ఇటు చూశాడు. నాలుగోసారి ఆంటీ పేపర్ ప్లేట్లో పెట్టిచ్చింది. ఆయన కరివేపాకు కూడా నమిలి మింగేశాడు. తీసెయ్యొచ్చని చెబుదామనుకున్నాను, కానీ ఆయన ఆనందంగానే ఉన్నాడు.

వెర్మాంట్‌లో ఈ రోజుల్ని బురద కాలం అంటారు. నేను అతిశయం అనుకున్నాను. మంచు కరిగి మట్టిరోడ్లన్నీ పాయసమైపోతాయి. వాల్ట్ ఇంటికి అరమైలు ఉందనగా నా కరోలా మెల్లగా కిందికి దిగింది. ప్రమాదంలాంటిదేమీ జరగలేదు. కారు కూర్చుంది, అంతే.

పది నిమిషాలకి ట్రాక్టర్ మీద ఒకాయన వచ్చాడు, పిలవకుండానే. దిగి, గొలుసు తగిలించి, లాగి, "న్యూజెర్సీయా?" అన్నాడు నంబర్ ప్లేట్ చూసి, పరామర్శిస్తున్నట్టు. డబ్బిస్తే తీసుకోలేదు. ఆంటీ అరిసెల పొట్లం ఇస్తే తీసుకుని, అక్కడే ఒకటి కొరికాడు. అవి పాత లాటు, వెనక్కి వచ్చినవి. ఆయన చాలాసేపు నమిలాడు.

"నెమ్మదిగా తినేదనుకుంటాను" అన్నాడు.

ఆంటీ మొహం చూడలేక నేను కారు కడిగే పనిలో పడ్డాను.

షుగర్‌హౌస్: మా గంటల విలువ

సిరప్ కాచే పాకని షుగర్‌హౌస్ అంటారు. ఒంటి గది, పైకప్పులో ఆవిరి పోయే కిటికీలు, మధ్యలో మంచమంత పొడుగు స్టీలు పెనం, దాని కింద పొయ్యి. వాల్ట్‌కి యాభై అయిదేళ్ళుంటాయి. పొద్దున స్కూల్ బస్సు నడుపుతాడు, మిగతా టైమంతా ఇక్కడే.

"మిగతా చెట్లు?" అని అడిగాను, దిగీ దిగగానే.

"నువ్వు వస్తున్నావని ఉంచాను. ట్యాంకులో నిన్న కారింది అలాగే ఉంది. రేపు కాద్దాం. ఆదివారం ఇంకో ట్యాంకు రావచ్చు. ఆ తర్వాత మొగ్గ."

మొగ్గ అంటే ఏమిటో ఆంటీకి ఆయనే చెప్పాడు, నేను తెలుగు చేశాను. చెట్టు మొగ్గ తొడగడం మొదలెడితే రసం రుచి మారిపోతుంది. కాచిన సిరప్ దుర్వాసన వేస్తుంది. అది పైకి కనపడదు. రంగు మారదు, చిక్కదనం మారదు. ముక్కుకి తెలియాల్సిందే.

"థర్మామీటర్‌లాంటిదేమీ లేదా?" అన్నాను.

"ఉంది" అని వాల్ట్ తన ముక్కు చూపించాడు.

శనివారం పొద్దున్నే పొయ్యి వెలిగించాం. ప్రతి ఏడు నిమిషాలకీ కట్టెలు వేయాలి. గంటకల్లా గదంతా ఆవిరి. ఎదురుగా ఉన్న మనిషి మాట వినపడుతుంది గానీ మనిషి కనపడడు. ఒకసారి నురగ అంచుదాకా పొంగింది. వాల్ట్ కంగారేమీ పడకుండా వేలెడు వెన్నముక్క విసిరాడు. నురగ చప్పున అణిగిపోయింది. మా ఫ్యాక్టరీల్లో ఈ పనికి డ్రమ్ముల్లో మందు కొంటారు, దానికో కొటేషన్, మూడు సంతకాలు.

"చూశావా, నెయ్యి వేశారు" అంది ఆంటీ, సొంత ఊరివాళ్ళు కనపడినట్టు.

కట్టెలు అందిస్తూ వాల్ట్ అడిగాడు. "నీ లెక్కలో నా గంటకి ఎంత వేశావు?"

"ఇరవై డాలర్లు."

"ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు. ఈ టైములో మీరు వేరే పని చేస్తే వచ్చేది అన్నమాట."

"ఈ టైములో ఇక్కడ లేకపోతే టీవీ ముందు ఉంటాను. దానికి గంటకెంత?"

నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ వరస లేదు. ఆంటీ వైపు తిరిగి, "మీరు మీ గంటకి ఎంత వేసుకుంటారు ఆంటీ?" అని అడిగాను.

"దేనికి? నేను నిలబడటానికా?" అంది.

ఇద్దరు మనుషులు వ్యాపారం చేస్తున్నారు, ఇద్దరూ కూలి లెక్కలో వేసుకోరు. ఇలాంటివాళ్ళ వల్లే మా సబ్జెక్టు పుస్తకాల్లో మాత్రమే పనిచేస్తుంది.

మంచుమీద పాకం

మధ్యాహ్నానికి పెనం చివర సిరప్ తయారైంది. నల్లగా, మెరుస్తూ. వాల్ట్ ఒక గిన్నెడు తీసి పక్క పొయ్యిమీద ఇంకాస్త కాచాడు. తర్వాత బయటికెళ్ళి, చెట్ల నీడలో మిగిలిన మంచు పళ్ళెంలో ఎత్తుకొచ్చి, వేడి సిరప్‌ని దానిమీద ధారగా పోశాడు. అది తీగలా గట్టిపడింది. ఫోర్కుకి చుట్టి ఆంటీకి ఇచ్చాడు.

ఆంటీ ఫోర్కు పక్కన పెట్టి, తీగని వేళ్ళతో తీసి, ఉండ చేసి, పళ్ళేనికేసి కొట్టింది. టక్‌మంది.

"ముదిరింది" అంది. "అరిసెకి ఇంత వద్దు. ఉండ కట్టాలి, మోగకూడదు."

మనం చల్లనీళ్ళలో పాకం చుక్క వేసి చూస్తాం. వీళ్ళు మంచుమీద వేసి చూస్తారు. మనం చూసి పిండి కలుపుతాం, వీళ్ళు చూసి తినేస్తారు. తేడా అంతే. వాల్ట్‌కి ఈ సంగతి చెబితే, ఇన్నేళ్ళుగా పిల్లల తాయిలం అనుకుంటున్నది వేరే చోట ఇంజినీరింగని తెలిసి తలగోక్కున్నాడు.

ఇక్కడ ఈ తీపి తిని, వెంటనే పుల్లటి దోసకాయ ఊరగాయ కొరుకుతారు. ఆపైన మళ్ళీ తీపి. ఆంటీ ఊరగాయ చప్పగా ఉందని తీర్మానించి కార్లోంచి ఆవకాయ తెప్పించింది. నేను వద్దన్నాను. వాల్ట్ వేలితో ఒకసారి నాకి, తలుపు తీసుకుని బయటికెళ్ళి, మంచులో కాసేపు నిలబడి, లోపలికొచ్చి, "ఇంకాస్త" అన్నాడు.

వాల్ట్ దగ్గర డోనట్లు వేయించే మూకుడు ఉంది. ఆంటీ మరో గిన్నె సిరప్ పెట్టి, మంచు కరిగించిన నీళ్ళలో చుక్క వేసి చూసింది. ఒకసారి, రెండోసారి. మూడోసారి మెత్తటి ఉండ కట్టింది. "పిండి!" అని అరిచింది. నేను పోస్తుంటే ఆవిడ కలిపింది. చలిమిడి ముద్దని నెయ్యి రాసిన ప్లాస్టిక్ కవరు మీద తట్టి నూనెలో వేసింది. తేలాక తీసి చెక్కల మధ్య నొక్కింది. వాల్ట్ ఒకటి తిన్నాడు. రెండోది తీసుకున్నాడు. అప్పుడు అన్నాడు: "ఇన్నేళ్ళూ దీన్ని డ్రమ్ములో పోసి పంపించాను."

ఆ రోజు లెక్క తొమ్మిది గ్యాలన్లు. ఇంకా పదకొండు కావాలి.

ఆదివారం: ముక్కులు

ఆదివారం ఎండ కాసింది. స్వెటర్ విప్పేంత ఎండ, అంటే మొగ్గ తొందరపడే ఎండ. అందరం సంతోషించాల్సిన వాతావరణంలో ఎవరం సంతోషించలేదు. వాల్ట్ ట్యాంకు నిండింది, పొయ్యి రాజేశాడు. రెండు గంటలు మరిగాక నేను కొలతలు తీశాను. చిక్కదనం నిన్నటిదే. రంగు నిన్నటిదే. ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే ఇంకో పది గ్యాలన్లు ఖాయమంది.

"బ్రహ్మాండంగా ఉంది" అని ప్రకటించాను.

ఆవిరిలోంచి ఆంటీ గొంతు వినపడింది.

"తడిసిన గోనెసంచి వాసన వస్తోందా నాన్నా?"

నాకు తీపి వాసన తప్ప ఏమీ రాలేదు. వాల్ట్‌ని అడిగాను. ఆయన కట్టె పొయ్యిలో పెట్టబోయి ఆగాడు.

"అరగంట నుంచి వస్తోంది" అన్నాడు. "అంత దూరం నుంచి వచ్చారు కదా. నాకే అలా అనిపిస్తోందేమో అనుకున్నాను."

తెలుగులో చెప్పాను. ఆంటీ పెనం దగ్గరకొచ్చి గరిటెతో కొంచెం తీసి, ఊది, నాలుకకి తాకించింది. నాకు ఆ మొహం తెలుసు. నాగేశ్వరరావు గారు డబ్బా వెనక్కి పంపిన రోజు చూశాను.

"బెల్లంలో కలిపితే తెలియదేమో ఆంటీ" అన్నాను. ఇది ఇంజినీరు మాట. పలచన చేస్తే ప్రతిదీ హద్దులోకి వస్తుందని మా నమ్మకం.

"మొదటి రోజు తెలియదు. పదో రోజున అరిసెంతా ఇదే వాసన" అంది. తర్వాత వాల్ట్ వైపు తిరిగి తన ఇంగ్లీషులో, "వాల్ట్ గారూ, పారబోయండి" అంది.

వాల్ట్ పారబోశాడు. కాలవలోకి పది గ్యాలన్లు కావాల్సిన రసం, రెండు గంటల కట్టెలు, ఇరవై డాలర్ల చొప్పున ఎవరూ ఇవ్వని గంటలు. ముగ్గురం నిలబడి చూశాం. కాసేపు బాధగా ఉంది. తర్వాత ఆకలేసింది.

బేరం

భోజనాలయ్యాక ధర మాట వచ్చింది. ముందు ఆంటీ నన్ను కారు దగ్గరకి పిలిచింది. "ఎంతంటే ఒప్పుకుంటాడు?" తర్వాత వాల్ట్ కట్టెల పాక వెనక్కి పిలిచాడు. "ఆవిడ ఎంతదాకా ఇవ్వగలదు?" ఆయన ఖర్చు సెంటుతో సహా నాకు తెలుసు. ఆవిడ బెల్లం ధర తెలుసు. ఇద్దరి గుట్టూ తెలిసిన ఏకైక మనిషిని. చదువుకున్న చదువంతా ఈ ఒక్క క్షణం కోసమే. ఇద్దరికీ "నాకు తెలియదు" అన్నాను.

ఆంటీయే మొదలెట్టింది. "మంచి సిరప్ ధరలో సగం ఇస్తాను."

"సగమా!" అన్నాడు వాల్ట్. "డీలర్ నాకిచ్చేది నాలుగో వంతే."

బేరంలో ఇంత ఘోరమైన ఎత్తు నేను ఎప్పుడూ చూడలేదు. నేను ఆంటీ వైపు చూశాను. ఇప్పుడు మూడో వంతుకి దిగుతుంది, దిగాలి, ఎవరైనా దిగుతారు.

"సగం" అంది ఆంటీ మళ్ళీ.

"ఆంటీ, ఆయనే తక్కువ చెబుతున్నాడు" అన్నాను తెలుగులో.

"వినపడింది. నాలుగో వంతుకి ఈయనకి గిట్టుబాటు కాదని లెక్కలు వేసి చెప్పింది ఎవరు?"

"నేనే."

"మరి నాలుగో వంతే ఇస్తే వచ్చే ఏడు పొయ్యి వెలిగిస్తాడా? ఇవాళ ఆదా చేసుకుని వచ్చే ఏప్రిల్‌లో ఏం పొయ్యను అరిసెల్లో?"

నేను వాల్ట్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. రంగు మారిన రోజు నుంచి వాసన మారే రోజుదాకా కాచినదంతా ఆంటీకి. సగం ధర. కాగితం లేదు, చేయి కలపడమే. ఆంటీ ముందు నమస్కారం పెట్టి, తర్వాత చెయ్యి ఇచ్చింది.

తిరుగు దారిలో నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆ ధర వేసి చూద్దామనుకున్నాను కానీ నడుపుతున్నది నేనే. ఇంటికొచ్చాక చూశాను. పొయ్యి ఆర్పొద్దు అంది లెక్క. అదే లెక్క, ఒక్క గడి మార్చానంతే.

ఓక్ ట్రీ రోడ్

ఇది రాసేటప్పటికి కొత్త లాటు షాపులో పెట్టి పదిహేడు రోజులు. నిన్న ఆంటీతో కలిసి వెళ్ళాను. నాగేశ్వరరావు గారు మొదటి రోజు పెట్టిన డబ్బాలోంచి ఒక అరిసె తీసి, మధ్యకి వంచారు. అది వంగింది, విరగలేదు. ఇంకాస్త వంచారు. తర్వాత గల్లాపెట్టె పక్కనున్న మైసూర్‌పాకుల్ని లోపలికి జరిపి ఆ స్థలం ఖాళీ చేశారు.

"వారానికి ఇరవై కేజీలు ఇవ్వండమ్మా."

"నాలుగు" అంది ఆంటీ.

"నాలుగేంటమ్మా! అడుగుతున్నారు జనం."

"అడగనివ్వండి. ఉన్నది తొమ్మిది గ్యాలన్లు. వారానికి నాలుగు కేజీలైతేనే అందరికీ మెత్తటివి వెళ్తాయి. ఒట్టి బెల్లంతో మాత్రం ఇక చేయను."

"మరి ఆ సిరప్ మళ్ళీ ఎప్పుడు?"

"మార్చి ఆఖర్లో. చెట్లు ఇస్తే."

ఆయన కాసేపు ఆవిడ మొహం చూసి, లాభం లేదని నా వైపు తిరిగారు. "బాబూ, నువ్వు కెమికల్ ఇంజినీరువట కదా. దీన్ని ఏదో ఒకటి చేసి పెంచలేవా?"

నేను పళ్ళెంలోంచి ఒక అరిసె తీసుకుని, నోట్లో పెట్టుకుని, నోరు ఖాళీ లేదని సైగ చేశాను.